కొలువు వేరైనా కోడ్ మనదే

బీటెక్‌లో కంప్యూటర్ సైన్స్ చదివి, తర్వాత బీఈడీ చేసి, డీఎస్సీలో టీచర్ ఉద్యోగం తెచ్చుకున్న దళిత యువతిని చుట్టాలు అడిగే మొదటి ప్రశ్న: "మరి ఆ నాలుగేళ్ల చదువు దండగేనామ్మా?" సచివాలయంలో చేరిన కుర్రాడినీ ఇదే అడుగుతారు. కోర్టుకు వెళ్లే లాయర్‌నీ, బ్యాంకు క్లర్కునీ, కానిస్టేబుల్‌నీ అడుగుతారు. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతంలో మొదటి తరం ఇంజనీరింగ్ చదివిన ఇళ్లలో ఈ మాట వినని ఇల్లు తక్కువ. అడిగేవాళ్ల మనసులో చెడు లేదు. కూలికి పోయి ఫీజులు కట్టిన ఇంట్లో ప్రతి రూపాయికీ లెక్క ఉంటుంది. కానీ ఆ ప్రశ్న వెనుక ఒక నమ్మకం దాగి ఉంది: జీతం తేని విద్య విద్యే కాదని.

ఈ నమ్మకాన్ని మనం ఒప్పుకోనక్కర్లేదు. కోడ్ రాయడం ఒక ఉద్యోగం మాత్రమే కాదు, చదవడం రాయడం లాంటి ఒక విద్య. ఉద్యోగం వేరే అయినా దాన్ని నిలబెట్టుకోవచ్చు. నిలబెట్టుకుంటే మనకూ, మన పల్లెకూ ఏం ఒరుగుతుందో, ఎలా నిలబెట్టుకోవాలో, ఎక్కడ జాగ్రత్తపడాలో చూద్దాం.

దారి మారడం ఓటమి కాదు

ముందు ఒక విషయం తేల్చుకోవాలి. ఇంజనీరింగ్ చదివి సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలోకి వెళ్లని దళిత విద్యార్థులు "తట్టుకోలేక" దారి మార్చారని చాలామంది అనుకుంటారు. అసలు కారణాలు వేరు. ఫీజు రీయింబర్స్‌మెంట్ కాలేజీ మెట్లు ఎక్కించింది గానీ, చదువు అయిపోయాక ఆరు నెలలు హైదరాబాద్‌లో హాస్టల్ అద్దె కట్టుకుని, కోచింగ్ తీసుకుంటూ, ఇంటర్వ్యూల చుట్టూ తిరిగే స్తోమత ఇవ్వలేదు. కంపెనీలో పనిచేసే మామయ్యో బాబాయో ఉండి రెజ్యుమే పైకి పంపే వీలు మన ఇళ్లలో చాలామందికి లేదు. ప్రైవేటు రంగంలో రిజర్వేషన్ లేదు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉంది.

అందుకే 2019 అక్టోబర్ 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలైనప్పుడు వేలమంది ఇంజనీరింగ్ పట్టభద్రులు అటు వెళ్లారు. 2025లో 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ వచ్చినప్పుడు మళ్లీ పుస్తకాలు పట్టారు. ఇది తెలివైన నిర్ణయం. ఊరికి దగ్గరగా ఉండే జీతం, అమ్మానాన్నలను చూసుకునే వీలు, నోటీసు లేకుండా తీసేయరన్న భరోసా చిన్న విషయాలు కావు.

సాఫ్ట్‌వేర్ రంగంలోకి వెళ్లినంత మాత్రాన కులం వదిలిపెడుతుందన్న హామీ కూడా లేదు. 2020లో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్ర పౌరహక్కుల శాఖ సిస్కో కంపెనీపైనా, ఇద్దరు మేనేజర్లపైనా దావా వేసింది. ఒక దళిత ఇంజనీరు పట్ల కుల వివక్ష చూపారన్నది ఆరోపణ. కంపెనీ దాన్ని కాదంది. మేనేజర్లపై కేసును 2023లో ఆ శాఖే వెనక్కి తీసుకుంది. కేసు ఎటు వెళ్లినా, కంప్యూటర్ ముందు కూర్చున్న మనిషికి కులం ఉండదన్న మాటను మాత్రం ఎవరూ అంత తేలిగ్గా అనలేకపోతున్నారు.

కాబట్టి దారి మారినవాళ్లు సిగ్గుపడాల్సిన పని లేదు. అయితే దారితో పాటు విద్యనూ వదిలేయడం మాత్రం నష్టం. చాలామంది చేస్తున్నది అదే. ఉద్యోగ పరీక్ష పుస్తకాలు వచ్చిన రోజున కోడింగ్ పుస్తకాలు అటక మీదికి పోతాయి. రెండేళ్లు గడిస్తే "నాకు అవన్నీ ఏం గుర్తుంటాయి" అనే మాట వస్తుంది.

తీరిక కూడా హక్కే

హాబీ అనే మాట మన వాడల్లో కొంచెం పరాయిగా వినిపిస్తుంది. పొద్దున్నే మిరప కోతకు పోయి, చీకటిపడ్డాక వచ్చి, అన్నం వండే అమ్మకు హాబీ ఏమిటి? పిడుగురాళ్ల సున్నపు బట్టీల దగ్గర పనిచేసే నాన్నకు హాబీ ఏమిటి? నిజమే. తరతరాలుగా మనవాళ్ల సమయం మనవాళ్లది కాదు. వెట్టి అంటే జీతం లేని పని ఒక్కటే కాదు, మనిషి రోజును ఇంకొకరు లాక్కోవడం. తీరిక లేకుండా చేయడం కుల వ్యవస్థ చేసిన దోపిడీల్లో ఒకటి.

ఈ సంగతిని అంబేడ్కర్ స్పష్టంగా చూశారు. కాంగ్రెస్, గాంధీ అస్పృశ్యుల కోసం ఏం చేశారని నిలదీస్తూ 1945లో ప్రచురించిన పుస్తకంలో ఆయన యంత్రాల గురించి చర్చించారు. యంత్రాన్ని, ఆధునిక నాగరికతను తిరస్కరించే వాదనను ఆయన ఒప్పుకోలేదు. పశువులా కష్టపడే బతుకు నుంచి మనిషి బయటపడాలంటే యంత్రం కావాలి, యంత్రం వల్ల తీరిక వస్తుంది, తీరిక ఉంటేనే సంస్కృతి గల జీవితం సాధ్యం అన్నది ఆయన వాదన సారం. అన్ని పనుల మధ్య ఆయన వయొలిన్ నేర్చుకున్నారు, బొమ్మలు వేయడానికీ ప్రయత్నించారు. వాటివల్ల ఆయనకు ఏ పదవీ రాలేదు, రావాలని ఆయన నేర్చుకోనూ లేదు.

మన జిల్లా నుంచే ఇంకో ఉదాహరణ ఉంది. 1895 సెప్టెంబర్ 28న వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా బతుకుతెరువు కోసం చేసిన పనులు చూడండి: బడిపంతులు, మూకీ సినిమాలకు కథ చదివి చెప్పే వాచకుడు, రెండో ప్రపంచయుద్ధ కాలంలో యుద్ధ ప్రచారకుడు, రేడియోలో కార్యక్రమాల నిర్మాత. వీటిలో ఏదీ కవి ఉద్యోగం కాదు. 1941 నాటి 'గబ్బిలం' వేరే కొలువు చేసుకుంటూ కవిత్వాన్ని వదలని మనిషి రాసింది. జీతం ఇచ్చే పని ఒకటి, ప్రాణం పెట్టే పని ఇంకొకటి కావడం మన పల్నాడుకు కొత్త కాదు.

కోడ్ విషయంలోనూ అంతే. ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి, అది మొదటిసారి సరిగ్గా నడిచినప్పుడు కలిగే సంతోషం మనకూ దక్కాలి. దానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఖాళీ వేళల్లో పుట్టినవి

ప్రపంచం నేడు వాడుతున్న సాఫ్ట్‌వేర్‌లో చాలా భాగం ఇలా ఖాళీ వేళల్లోనే మొదలైంది. 1991లో హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుతున్న లైనస్ టోర్వాల్డ్స్ తను రాస్తున్న ఆపరేటింగ్ సిస్టమ్‌ను సరదా కోసం చేస్తున్నదిగానే పరిచయం చేశాడు. ఆ లైనక్స్ ఇప్పుడు ఆండ్రాయిడ్ ఫోన్ల లోపల ఉంది. ఈ-పుస్తకాలను ఒక రూపం నుంచి ఇంకో రూపంలోకి మార్చుకునే క్యాలిబర్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌ను 2006లో మొదలుపెట్టిన కోవిద్ గోయల్ అప్పుడు కాలిఫోర్నియాలో భౌతికశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాడు. ఆయన చదువు ఒకటి, రాసిన కోడ్ ఒకటి.

మనం ఈ రోజు ఇంటర్నెట్‌లో తెలుగు చదువుతున్నామంటే దాని వెనుకా ఇలాంటి శ్రమే ఉంది. ఒకప్పుడు తెలుగు పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటి ఒక్కో సొంత ఫాంటు వాడేవి. ఒకదాని అక్షరాలు ఇంకొకచోట పిచ్చిగీతల్లా కనిపించేవి. వాటిని యూనికోడ్‌లోకి మార్చే 'పద్మ' అనే పరికరాన్ని వెన్న నాగార్జున తయారుచేశారు. 2003 డిసెంబర్‌లో తెలుగు వికీపీడియా మొదలవడంలోనూ ఆయన చేయి ఉంది. ఇంగ్లీషు కీబోర్డుతో తెలుగు టైపు చేసుకునే 'లేఖిని'ని 2006లో వీవెన్ అందించారు. వీళ్లకు సాంకేతిక విద్య ఉంది. కానీ ఈ పనులు ఏ కంపెనీ జీతానికీ చేసినవి కావు.

ఇక్కడ ఒక తేడాను దాచిపెట్టకూడదు. ఖాళీ సమయం, ఇంట్లో కంప్యూటర్, మంచి ఇంటర్నెట్ ఉన్నవాళ్లకు ఇలాంటి హాబీ సులువు. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ కుటుంబాల్లో 4.4 శాతం ఇళ్లలోనే కంప్యూటర్ ఉంది. అందుకే మనకు ఒంటరి మేధావి కథ కంటే ఉమ్మడి కంప్యూటర్ కథ ఎక్కువ పనికొస్తుంది. బెంగళూరులోని సుదర్శన్ లేఔట్ బస్తీలో అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ అనే కేంద్రం అలా పుట్టింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కార్యకర్తలు ఉద్యోగాలు చేసుకుంటూనే తీరిక దొరికినప్పుడు వెళ్లి, ఉచిత సాఫ్ట్‌వేర్ వేసిన కంప్యూటర్ల మీద అక్కడి పిల్లలకు నేర్పారు. ఒక గది, కొన్ని పాత కంప్యూటర్లు, వారానికి కొన్ని గంటలు ఇచ్చే మనుషులు. మన అంబేడ్కర్ భవనాల్లో, కమ్యూనిటీ హాళ్లలో చేయలేనిదేమీ కాదు.

మన పల్లెకు పనికొచ్చే నాలుగు చిన్న ప్రోగ్రాములు

హాబీ నిలబడాలంటే చేసే పనికి మన జీవితంతో సంబంధం ఉండాలి. పాఠ్యపుస్తకంలో ఇచ్చిన లెక్కలు మళ్లీ మళ్లీ చేస్తే నెలకే విసుగు వస్తుంది. కింద చెప్పిన నాలుగూ ఒక్కొక్కటి ఒక పేజీకి మించవు. పైథాన్ లాంటి ఏ భాషలోనైనా రాయొచ్చు.

మొదటిది, కూలి ముఠా లెక్క. మిరప కోతకు పోయే ముఠాలో ఎవరు ఏ రోజు వచ్చారు, ఎంత అడ్వాన్సు తీసుకున్నారు, ఇంకా ఎంత రావాలి అన్నది సాధారణంగా మేస్త్రి నోటుబుక్కులో ఉంటుంది. మనిషి పేరు, తేదీ, కూలి, అడ్వాన్సు అనే నాలుగు గడులతో ఒక పట్టిక తయారుచేయండి. ప్రతి మనిషికీ రావాల్సిన మొత్తం కూడి, తీసుకున్నది తీసేసి, చీటీలాగా చూపించే ప్రోగ్రామ్ రాయండి. కోడ్‌లో కొత్త ఏమీ లేదు. కానీ చీటీ చేతిలో ఉన్న అమ్మ మేస్త్రితో మాట్లాడే తీరు వేరేగా ఉంటుంది.

రెండోది, ఉపాధి హామీ కూలి ఆలస్యం. 15 రోజుల్లో కూలి అందాలని 2005 నాటి ఉపాధి హామీ చట్టం చెప్పింది. మస్టర్ ముగిశాక 16వ రోజు దాటితే, ఆపై ప్రతి రోజుకూ రావాల్సిన కూలిపై 0.05 శాతం పరిహారం ఇవ్వాలని ఆ చట్టం నిర్దేశించింది. ఒకరికి 1,500 రూపాయలు రావాలి, అవి 36వ రోజున పడ్డాయి అనుకుందాం. ఆలస్యం 20 రోజులు. రోజుకు 75 పైసల చొప్పున పరిహారం 15 రూపాయలు. ఒక్కరికి 15 రూపాయలంటే ఎవరూ అడగరు. అదే ఆలస్యం 200 మందికి జరిగితే 3,000 రూపాయలు. అది పంచాయతీలో, గ్రామసభలో లేవనెత్తగల అంకె. మస్టర్ ముగిసిన తేదీ, డబ్బు పడిన తేదీ, కూలి మొత్తం ఇస్తే చాలు, ఈ పట్టిక అంతా ప్రోగ్రామ్ వేస్తుంది. నిబంధనలు మారుతుంటాయి. అందుకే 16, 0.05 లాంటి అంకెలను కోడ్ మధ్యలో పాతిపెట్టకుండా పైనే పేరు పెట్టి రాసుకోవాలి. నిబంధన మారిన రోజు ఒక్క పంక్తి మారిస్తే సరిపోతుంది.

ఇది ఊహ కాదు. లిబ్‌టెక్ ఇండియా బృందం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా పలు రాష్ట్రాల్లో ఉపాధి హామీ వెబ్‌సైట్‌లోని బహిరంగ సమాచారాన్ని ఇలా సేకరించి, కూలి ఆలస్యాన్నీ, జాబ్ కార్డుల్లోంచి పేర్ల తొలగింపునూ లెక్కలతో బయటపెట్టింది. వాళ్లు పెద్ద ఎత్తున చేసింది మనం ఒక పంచాయతీకి చేయొచ్చు.

మూడోది, అట్రాసిటీ కేసుల గడువులు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు నమోదయ్యాక బాధితులకు 7 రోజుల్లో తక్షణ సహాయం అందాలి. దర్యాప్తు పూర్తిచేసి చార్జిషీటు వేయడానికి 60 రోజులు గడువు. చార్జిషీటు వేశాక వీలైనంత వరకు 2 నెలల్లో విచారణ ముగించాలి. గడువులు కాగితం మీద ఉన్నాయి. అవి దాటిపోతున్నప్పుడు ఎవరో ఒకరు లెక్కపెట్టి గుర్తుచేయాలి. ఎఫ్ఐఆర్ తేదీ ఇస్తే మిగతా తేదీలు లెక్కగట్టి, దగ్గరపడుతున్న గడువుల జాబితా చూపించే ప్రోగ్రామ్ ఒక లాయర్‌కూ, ఒక దళిత సంఘం కార్యకర్తకూ ఎంత మేలు చేస్తుందో చెప్పక్కర్లేదు. ఇందులో మంచి పాఠం కూడా ఉంది. జనవరి 31కి 60 రోజులు కలిపితే 2024లో మార్చి 31 వస్తుంది, 2025లో ఏప్రిల్ 1 వస్తుంది. 2024 లీపు సంవత్సరం కావడమే కారణం. మీ ప్రోగ్రామ్ ఈ రెండు తేదీలూ సరిగ్గా చెబుతోందో లేదో ముందు చూసుకోండి.

నాలుగోది, మన అక్షరాల వెతుకులాట. పత్రికా వార్తలు, కరపత్రాలు కంప్యూటర్‌లో దాచుకునే అలవాటు కార్యకర్తలకు ఉంది. వెతికితే సగం దొరకవు. ఎందుకు? కొందరు 'అంబేడ్కర్' అని, కొందరు 'అంబేద్కర్' అని రాస్తారు. కంటికి రెండూ ఒకరి పేరే. యంత్రానికి రెండు వేరు మాటలు. మనం అం, బే, డ్క, ర్ అని నాలుగు ముక్కలుగా చదివే ఈ మాట యూనికోడ్‌లో తొమ్మిది గుర్తులు: అ, సున్న, బ, ఏత్వం, డ, పొల్లు, క, ర, మళ్లీ పొల్లు. రెండు రూపాలకూ తేడా ఐదో గుర్తు ఒక్కటే. వెతికే ముందు ఇలాంటి జంటలను ఒకే రూపంలోకి మార్చే చిన్న ప్రోగ్రామ్ రాస్తే దాచుకున్నవన్నీ దొరుకుతాయి. పాత అనూ ఫాంట్లలో కంపోజ్ చేసిన కరపత్రాలు, ప్రత్యేక సంచికలు యూనికోడ్‌లోకి రాకపోతే వెతకడానికే అందవు. కారంచేడు, చుండూరు ఉద్యమ కాలపు రాతలు ఇంకా ఎన్ని పెట్టెల్లో ఉన్నాయో! తెలుగు తెలిసి, కోడ్ తెలిసి, ఆ చరిత్ర మీద ప్రేమ ఉన్నవాళ్లు చేయాల్సిన పని ఇది.

అలవాటు తెగకుండా ఉండాలంటే

ఉద్యోగం చేస్తూ కోడ్ రాసేవాళ్ల అసలు శత్రువు కష్టం కాదు, విరామం. మూడు వారాలు ముట్టుకోకపోతే ఎక్కడ ఆపామో గుర్తుండదు. గుర్తు తెచ్చుకోవడానికే ఒక సాయంత్రం పోతుంది. దానికి కొన్ని మామూలు ఉపాయాలు ఉన్నాయి.

ఆపే ముందు ఐదు నిమిషాలు మిగుల్చుకుని, ఫైలు పైన ఒక చీటీ రాయండి: ఈ రోజు ఏం అయింది, రేపు మొదట ఏం చేయాలి. తెలుగులోనే రాయండి. కోడ్ పక్కన రాసుకునే వివరణలు తెలుగు లిపిలో ఉన్నా ఇప్పటి భాషల్లో ఏ ఇబ్బందీ రాదు. రేపు ఆ కోడ్ చూసే చెల్లికో తమ్ముడికో కూడా అది పాఠం అవుతుంది.

ఒక్క భాషనే పట్టుకోండి. ఉద్యోగం కోసం నేర్చుకునేవాళ్లు మార్కెట్ వెంట పరిగెత్తక తప్పదు. మీకు ఆ బాధ లేదు. హాబీగా చేసేవాళ్లకు ఉన్న పెద్ద సౌకర్యం అదే.

ముందు చేతితో లెక్క చేయండి. ఏ ప్రోగ్రామ్‌కైనా మూడు ఉదాహరణలు కాగితం మీద వేసి, జవాబులు రాసి పెట్టుకోండి. కోడ్ మార్చిన ప్రతిసారీ ఆ మూడూ మళ్లీ నడపండి. ఇప్పుడు కృత్రిమ మేధ పరికరాలు అడగ్గానే కోడ్ రాసిస్తున్నాయి. వాడుకోవడంలో తప్పు లేదు. కానీ అది ఇచ్చిన జవాబు సరైనదో కాదో తేల్చేది మన కాగితం మీద లెక్కే. పక్కింటావిడ కూలి లెక్క తప్పితే సమాధానం చెప్పాల్సింది మనం, ఆ యంత్రం కాదు.

సామాను గురించి భయపడొద్దు. నెమ్మదించిన పాత ల్యాప్‌టాప్‌లో తేలికపాటి లైనక్స్ వేస్తే చాలావరకు మళ్లీ లేస్తుంది. అదీ లేకపోతే ఆండ్రాయిడ్ ఫోన్‌లోనే టెర్మక్స్ లాంటి యాప్‌తో పైథాన్ నడుస్తుంది. చిన్న కీబోర్డు తగిలిస్తే ఇంకా సులువు. భాషకు సంబంధించిన సహాయ పుస్తకాన్ని ఒకసారి దించుకుని పెట్టుకుంటే నెట్ లేని రోజు కూడా పని ఆగదు. నిజానికి స్ప్రెడ్‌షీట్‌లో సూత్రాలు రాయడమూ ప్రోగ్రామింగే. అక్కడి నుంచి మొదలుపెట్టినా తక్కువేం కాదు.

సమయం మాట వచ్చేసరికి ఆడపిల్లల సంగతి విడిగా చెప్పాలి. బడిలో పాఠాలు చెప్పి, ఇంటికొచ్చి వంట చేసి, పిల్లలను చూసుకునే టీచరమ్మకు "రోజూ గంట కేటాయించు" అనడం తేలిక. ఆ గంట ఎక్కడి నుంచి వస్తుంది? ఇంట్లో మగవాళ్లు వారంలో రెండు సాయంత్రాలు గిన్నెలు కడిగితే వస్తుంది. తీరిక హక్కు అని సభలో మాట్లాడేవాళ్లు ఇంట్లో దాన్ని పంచకపోతే ఆ మాటకు విలువ లేదు.

హాబీ వెట్టి కాకూడదు

కోడ్ తెలుసని తెలిస్తే అందరూ పని అడుగుతారు. సంఘానికి వెబ్‌సైట్ చేసిపెట్టమంటారు, నాయకుడి సభకు పోస్టర్ చేయమంటారు, ఆఫీసులో పై అధికారి తన నివేదికలన్నీ వేయించుకుంటాడు. "నీకు ఇష్టమే కదా" అంటారు. ఇక్కడే జాగ్రత్త కావాలి. ఇష్టంతో మొదలైన పని కాదనలేని పనిగా మారితే అది హాబీ కాదు, కొత్త వేషంలో వచ్చిన వెట్టి. దళితుల శ్రమకు విలువ కట్టకపోవడం ఈ సమాజానికి పాత అలవాటు. కీబోర్డు మీద చేసే శ్రమకూ అదే అలవాటు వర్తింపజేస్తారు.

ఒక గీత గీసుకోవాలి. మనకు మనం ఎంచుకున్నది, ఎప్పుడైనా ఆపగలిగేది హాబీ. గడువు పెట్టి, మార్పులు చెప్పి, ఫలానా విధంగా కావాలని అడిగితే అది పని. పనికి డబ్బు అడగడం తప్పు కాదు. ప్రభుత్వ ఉద్యోగులైతే నియమావళిని కూడా చూసుకోవాలి. ఆంధ్రప్రదేశ్‌లో 1964 నాటి సివిల్ సర్వీసుల ప్రవర్తనా నియమాలు ప్రైవేటు సంపాదనపై ఆంక్షలు పెడతాయి. డబ్బు తీసుకునే ముందు అనుమతి సంగతి తేల్చుకోవాలి.

అలాగని తయారుచేసినది దాచుకోవాలని కాదు. ముఠా లెక్క ప్రోగ్రామ్ బొల్లాపల్లిలో పనికొస్తే వెల్దుర్తిలోనూ పనికొస్తుంది. ఎవరైనా తీసుకుని మార్చుకునేలా స్వేచ్ఛా లైసెన్సుతో ఇవ్వొచ్చు. బ్రహ్మనాయుడి పేరుతో కారెంపూడి చాపకూడు కథ చెప్పుకునే నేల మనది. అన్ని కులాలూ ఒకే చాప మీద కూర్చుని తినడం ఆ కథలో గొప్ప విషయం. అయితే ఆ కూడు వండిందెవరు, గిన్నెలు తోమిందెవరు అని అడగడం కూడా మనం నేర్చుకున్నాం. పంచుకునే కోడ్ విషయంలోనూ అదే ప్రశ్న అడగాలి. రాసినవాళ్ల పేరు దాని మీద ఉండాలి.

దాటకూడని హద్దులు

మనుషుల వివరాలతో ఆడుకోవద్దు. సచివాలయంలో పనిచేసేవాళ్ల కళ్ల ముందు ఊరందరి ఆధార్, కులం, పింఛను వివరాలు ఉంటాయి. అవి ఆఫీసువి, ఇంటి ప్రాక్టీసుకు కాదు. ఒక్క ఫైలు కూడా పెన్‌డ్రైవ్‌లో ఇంటికి రాకూడదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం సంగతి అలా ఉంచినా, ఇది మన వాళ్ల భద్రతకు సంబంధించిన విషయం. సాధన కోసం కల్పిత పేర్లు, కల్పిత అంకెలు వాడండి. నిజమైన లెక్క వేయాలంటే బహిరంగంగా ఉన్న సమాచారం, లేదా ఆ మనిషే తెచ్చి ఇచ్చిన కాగితం మాత్రమే తీసుకోండి.

అట్రాసిటీ కేసుల జాబితాలో బాధితుల పేర్లు పెట్టొద్దు. కేసు నంబరు చాలు. ఫైలుకు పాస్‌వర్డ్ ఉండాలి, ఫోన్ పోతే ఎవరి చేతిలో పడుతుందో తెలియదు. లైంగిక దాడుల కేసుల్లో బాధితుల గుర్తింపు బయటపెట్టడం నేరం కూడా.

ఇంకో హద్దు మన ఆశకు సంబంధించినది. ప్రోగ్రామ్ అంకె చూపిస్తుంది, అధికారిని కదిలించదు. 3,000 రూపాయల పరిహారం రావాలని పట్టిక చెప్పగలదు. ఆ పట్టిక పట్టుకుని ఎంపీడీఓ ఆఫీసు ముందు నిలబడాల్సింది కూలీలే. కోడ్ ఉద్యమానికి బదులు కాదు, ఉద్యమం చేతిలో ఒక కాగితం. కాకపోతే ఆ కాగితం మీద లెక్క తప్పని ఎవరూ అనలేనంత గట్టిగా ఉండాలి.

విద్యార్థి సంఘాలు, దళిత సంఘాలు ఈ దిశగా చేయగల పని ఒకటి ఉంది. జయంతి ఉత్సవాల ఖర్చులోంచి కొంత తీసి ఒక భవనంలో రెండు పాత కంప్యూటర్లు, ఒక బల్ల, ఒక ఫ్యాన్ పెట్టండి. బీటెక్ చదివి వేరే కొలువుల్లో ఉన్నవాళ్లు మన చుట్టుపక్కలే ఉన్నారు. నెలకు రెండు ఆదివారాలు రమ్మని వాళ్లను అడగండి. మొదటి ఆదివారం తేదీల లెక్కతో మొదలుపెట్టండి: జనవరి 31, అరవై రోజులు, రెండు సంవత్సరాలు. జవాబు ముందు కాగితం మీద రాసి పెట్టుకోండి.